ఉల్కలకి తారీఖు, పున్నమికి తిథి, గ్రహణానికి రాహువు

ఏటా డిసెంబర్ రెండో వారం వచ్చిందంటే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది: "ఈ రాత్రి గంటకి 120 ఉల్కలు, మిస్ కావద్దు". ఆగస్టులో ఇంకోటి వస్తుంది. పున్నమికి ముందు "సూపర్ మూన్, బ్లడ్ మూన్, మళ్ళీ మన జన్మలో రాదు" అని మరోటి. నమ్మి మేడ ఎక్కినవాళ్ళు అరగంట సేపు మెడ నొప్పి పుట్టేదాకా చూస్తారు, ఒకటో రెండో గీతలు కనపడతాయి, లేదా అవీ కనపడవు, కిందికి దిగొచ్చి "అంతా ఉత్తదే" అనేస్తారు. ఉత్తది కాదు. ఆకాశంలో జరిగే ఈ మూడు సంగతులూ మూడు వేర్వేరు లెక్కల మీద నడుస్తాయి. మనం మాత్రం మూడింటినీ గోడ మీదున్న ఒకే క్యాలెండర్‌లో వెతుకుతాం. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ చిక్కు విప్పుకోవడం దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వైపు ఉన్న మన తెలుగువాళ్ళకి మిగతావాళ్ళ కంటే తేలిక, ఎందుకంటే మనం ఎలాగూ మూడు క్యాలెండర్లతోనే బతుకుతున్నాం. జీతం, స్కూలు ఫీజు, రైలు రిజర్వేషన్ ఇంగ్లీషు తారీఖుతో. ఉగాది, వినాయక చవితి, అట్లతద్ది తిథితో. ఇక పక్కింటి ఒడియా వాళ్ళ కొత్త సంవత్సరం పణా సంక్రాంతి, జూన్ నడుమ ఆడపిల్లలు ఉయ్యాలలూగే రజ పండగ, ఇవి సూర్యుడు రాశి మారేదాన్ని బట్టి. కాబట్టి "ఈ పండగ ఏ లెక్క ప్రకారం వస్తుంది?" అని అడగడం మనకి చిన్నప్పటి నుంచి అలవాటే. ఆ ప్రశ్ననే కాస్త పైకి తిప్పి ఆకాశాన్ని అడగాలి, అంతే.

ముందు ఉల్కలు. తోకచుక్కలు సూర్యుడి దగ్గరికి వచ్చినప్పుడల్లా తమ దారి పొడవునా దుమ్ము వదిలిపోతాయి. భూమి తన దారిలో తాను తిరుగుతూ ఏడాదికోసారి అదే చోట ఆ దుమ్ము దారిని దాటుతుంది. ఇసుక రేణువంత, మహా అయితే శనగగింజంత ఉండే ముక్కలు సెకనుకి పదుల కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకొచ్చి, నేలకి సుమారు 80 నుంచి 120 కిలోమీటర్ల ఎత్తులోనే మండిపోతాయి. మనం "చుక్క రాలింది" అనేది ఈ మంటని చూసే. చంద్రుడితో దీనికి ఏ సంబంధమూ లేదు. భూమి తన కక్ష్యలో ఎక్కడుందన్నదే లెక్క, అందుకే ఇంగ్లీషు తారీఖు ఇక్కడ పనికొస్తుంది. పర్సీడ్స్ ఎప్పుడూ ఆగస్టు 12, 13 రాత్రులు, వాటి మూలం 133 ఏళ్ళకోసారి వచ్చే స్విఫ్ట్-టటిల్ తోకచుక్క. లియోనిడ్స్ నవంబర్ 17 ప్రాంతం, మూలం 33 ఏళ్ళ టెంపుల్-టటిల్. హేలీ తోకచుక్క మళ్ళీ 2061లో గాని రాదు కానీ దాని దుమ్ము ఏటా రెండుసార్లు మన మీద పడుతుంది, మే మొదటి వారంలో ఒకసారి, అక్టోబర్ 21 ప్రాంతంలో ఇంకోసారి. డిసెంబర్ 13, 14 రాత్రుల జెమినిడ్స్‌ది మాత్రం వేరే కథ: వాటి మూలం తోకచుక్క కాదు, ఫేథాన్ అనే గ్రహశకలం, 1983లో కనిపెట్టారు. రాయి లాంటి గ్రహశకలం ఇంత దుమ్ము ఎలా వదిలిందన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్న సంగతే.

ఇంకొంచెం లోతుకి వెళ్తే, ఉల్కల లెక్క నిజానికి ఇంగ్లీషు తారీఖు కంటే సంక్రాంతి లెక్కకే దగ్గర. ఇంగ్లీషు క్యాలెండర్‌ని రుతువులకి కట్టారు, మన సంక్రాంతుల్ని నక్షత్రాలకి కట్టారు. రెండింటికీ మధ్య 71, 72 ఏళ్ళకి ఒక రోజు చొప్పున తేడా పడుతుంది, మకర సంక్రాంతి మెల్లమెల్లగా జనవరి 14 నుంచి 15కి జరుగుతున్నది అందుకే. దుమ్ము దారి కూడా నక్షత్రాల మధ్య ఒక చోట పరుచుకుని ఉండేదే కాబట్టి అదీ అలాగే జరుగుతుంది, దానికి తోడు గురుగ్రహం లాగడం వల్ల కొన్ని ఇంకా ఎక్కువ జరుగుతాయి. 1833లో అమెరికా జనాన్ని హడలగొట్టిన లియోనిడ్స్ తుఫాను నవంబర్ 12-13 రాత్రి వచ్చింది, ఇప్పుడదే నవంబర్ 17కి చేరింది. అందుకని జెమినిడ్స్‌ని మీ ఇంట్లో పెద్దవాళ్ళకి గుర్తుండేలా చెప్పాలంటే "నెలగంట పెట్టే ముందు రెండు మూడు రాత్రులు" అనండి. ధనుస్సంక్రాంతి డిసెంబర్ 16 ప్రాంతం, దానికి ముందే జెమినిడ్స్. ఇలా చెప్తే ఎవరూ మర్చిపోరు.

ఇప్పుడు ఆ 120 సంగతి. ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది మన మేడ మీది అంకె కాదు. ఆకాశం పూర్తిగా చీకటిగా ఉండి, 6.5 మాగ్నిట్యూడ్ దాకా, అంటే మామూలు కంటికి అందే అతి సన్నని చుక్క కూడా కనపడుతూ, ఉల్కలు ఎక్కడి నుంచి వస్తున్నట్టు కనపడతాయో ఆ చోటు సరిగ్గా నడినెత్తిన ఉంటే, ఒక మనిషికి గంటకి కనపడే సంఖ్య అది. ఈ షరతుల్లో ఏది తప్పినా అంకె పడిపోతుంది, అదీ మామూలుగా పడిపోదు. లెక్క వేసి చూద్దాం. జెమినిడ్స్ మిథున రాశిలో పునర్వసు నక్షత్రం పక్క నుంచి వస్తాయి. మన దగ్గర, అంటే 19 డిగ్రీల అక్షాంశం దగ్గర, రాత్రి 8 గంటలకి పునర్వసు ఇంకా తూర్పున ఓ 12 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఆ ఒక్క కారణానికే 120 కాస్తా 25 అవుతుంది. బరంపురం నడిబొడ్డున వీధి లైట్ల మధ్య 4.5 మాగ్నిట్యూడ్ దాకా కనపడితే గొప్ప. చూపు ఒక్కో మాగ్నిట్యూడ్ తగ్గితే ఉల్కల సంఖ్య రెండున్నర రెట్లకి పైగా తగ్గుతుంది, రెండు మాగ్నిట్యూడ్లకి దాదాపు ఏడు రెట్లు. 25ని ఏడుతో భాగిస్తే మూడో నాలుగో. అదీ మీరు అరగంటకి విసిగిపోయి దిగిపోయిన గంటలో.

అదే మనిషి అదే రాత్రి ఒంటిగంటన్నర, రెండింటికి ఊరి బయట పొలంలో పడుకుంటే? అప్పటికి పునర్వసు 76 డిగ్రీల ఎత్తుకి, అంటే ఇంచుమించు నడినెత్తికి వచ్చేస్తుంది. చీకటి బాగుండి 6 మాగ్నిట్యూడ్ దాకా కనపడితే గంటకి 70 దాకా ఆశపడొచ్చు. మూడు ఎక్కడ, డెబ్బై ఎక్కడ! ఆకాశం అదే, రాత్రి అదే, ఉల్కలూ అవే. గజపతి జిల్లాలో డిసెంబర్‌లో కళ్ళాల్లో ధాన్యం కాపలా పడుకునేవాళ్ళని అడిగి చూడండి, ఏ మెసేజూ రాకుండానే వాళ్ళు చాలా చూసి ఉంటారు.

అర్ధరాత్రి దాటాకే ఎక్కువ ఎందుకంటే, వానలో బండి మీద పోతుంటే చినుకులన్నీ మొహానికే కొడతాయి, వీపు మీద అంతగా పడవు. భూమి పరుగెత్తే వైపు మొహం పెట్టి ఉండేది అర్ధరాత్రి నుంచి తెల్లారేలోపు ఉన్న సగం. జెమినిడ్స్‌కి ఈ పట్టింపు కాస్త తక్కువ, పది గంటల నుంచే బాగా మొదలవుతాయి, సెకనుకి 35 కిలోమీటర్లే కాబట్టి కాస్త నింపాదిగా, కళ్ళు తిప్పి చూసేంత సేపు కనపడతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి వీటిని మించినవి లేవు. లియోనిడ్స్ 71 కిలోమీటర్ల వేగం, "అదిగో" అనేలోపే అయిపోతాయి. ఇక విదేశీ పత్రికలు మోసే పర్సీడ్స్ మీద నాకు పెద్ద ఆశ లేదు, ఎందుకంటే ఆగస్టు నడుమ మహేంద్రగిరి మీద మబ్బు తెరిపిచ్చేదెప్పుడు? పైగా అవి వచ్చే చోటు ఉత్తరాన బాగా పైకుంటుంది కాబట్టి మనకి తెల్లవారుజామున కూడా 50 డిగ్రీల ఎత్తు దాటదు. యూరప్ వాళ్ళకి అది వేసవి సెలవుల పండగ. మనకి అది వానాకాలం, గొడుగు పండగ.

చూడటానికి సరంజామా ఏమీ అక్కర్లేదు. బైనాక్యులర్స్ అసలు పనికిరావు, అవి చూపించే ముక్క చాలా చిన్నది. చాపో నులక మంచమో వేసుకుని వెల్లకిలా పడుకోండి, చెవులకి మఫ్లర్ కట్టుకోండి, కళ్ళు చీకటికి అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది కాబట్టి ఈలోపు ఫోన్ తీయొద్దు, తీస్తే మళ్ళీ మొదటికి. పునర్వసునే గుచ్చి చూడనక్కర్లేదు, దానికి కాస్త పక్కగా చూస్తేనే పొడుగాటి గీతలు దొరుకుతాయి. అది ఎక్కడుందో తెలియాలంటే ముందు మృగశిర దగ్గరి మూడు చుక్కల వరస పట్టుకోండి, దానికి ఎడమగా పై వైపు ఎర్రటి ఆర్ద్ర, అక్కడి నుంచి ఇంకా ఉత్తరంగా పోతే పక్కపక్కనే రెండు కాంతివంతమైన చుక్కలు, అవే పునర్వసు. కోరాపుట్, దేవమాలి వైపు వాళ్ళకి ఇంకో మాట: లోయల్లో తెల్లవారుజామున మంచు దిగిపోతుంది, కాబట్టి నాలుగింటి దాకా ఆగకుండా పదికి మొదలుపెట్టి రెండింటికి ముగించడం నయం. రాత్రిపూట కొండ ఎక్కాల్సిన పని మాత్రం లేదు. ఎలుగుబంట్లు తిరిగే చోట ఎత్తు వల్ల వచ్చే లాభం కంటే టెన్షన్ ఎక్కువ, ఊరి లైట్లకి వీపు పెట్టి కూర్చునే పొలం గట్టు చాలు.

ఒక గీత కనపడగానే ఉల్క అనేయడానికీ లేదు. 2022 ఏప్రిల్ 2న, మన ఉగాది, మరాఠీ వాళ్ళ గుడీ పాడ్వా రోజే, చీకటి పడ్డాక మహారాష్ట్ర ఆకాశంలో నిప్పుకణికల వరస ఒకటి మెల్లగా సాగిపోయింది. చాలామంది ఉల్కాపాతం అని వీడియోలు పెట్టారు. ఆ రాత్రే చంద్రాపూర్ జిల్లా సిందేవాహి తాలూకాలో ఒక పల్లెలో పెద్ద ఇనప చక్రం లాంటిది పడింది, చుట్టుపక్కల లోహపు గోళాలు దొరికాయి. అది చైనా లాంగ్ మార్చ్ రాకెట్ ముక్క అయి ఉంటుందని అంతరిక్ష నిపుణులు లెక్కకట్టి చెప్పారు. తేడా పట్టడం కష్టం కాదు: ఉల్క సెకనులో, మహా అయితే రెండు మూడు సెకన్లలో ముగిసిపోతుంది. నిమిషం సేపు, ముక్కలు ముక్కలుగా విడిపోతూ, అన్నీ ఒకే వైపు సాగిపోతుంటే అది మనిషి పంపిన సామానే.

ఇక చంద్రుడు. ఉల్కలు చూడాలంటే చంద్రుడు ఉండకూడదు, కానీ చంద్రుడికి డిసెంబర్ 14 అంటే ఏమిటో తెలియదు. ఇక్కడ ఇంగ్లీషు క్యాలెండర్ చేతులెత్తేస్తుంది, పంచాంగం కావాలి. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణంలో 12 డిగ్రీలు. అమావాస్యకి కోణం సున్నా, పున్నమి తిథి 168 డిగ్రీల దగ్గర మొదలై 180 దగ్గర ముగుస్తుంది. అంటే పంచాంగంలో "పూర్ణిమ ఫలానా గంట వరకు" అని ఉంటుందే, ఆ ముగిసే నిమిషమే ఖగోళ శాస్త్రం చెప్పే అసలు నిండు పున్నమి క్షణం. పండగ మాత్రం చాలాసార్లు సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి చేస్తాం కాబట్టి, పూజ ఒక రోజు, చంద్రుడు నిండుగా కనపడే రాత్రి దాని ముందు రోజు అయ్యే సందర్భాలు ఉంటాయి. ఇద్దరు పంతుళ్ళు రెండు రోజులు చెప్పారని గొడవపడే ముందు ఆ ముగింపు గంట చూడండి.

ఉల్కలు చూసేవాళ్ళకి తిథి ఇచ్చే లాభం ఇంకోటి ఉంది. చంద్రుడు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు, ఆలస్యంగా అస్తమిస్తాడు. శుద్ధ తిథి అయితే తిథి సంఖ్యని 50 నిమిషాలతో హెచ్చవేసి ఓ అరగంట తీసేయండి, పొద్దుగూకాక అంతసేపటికి చంద్రుడు దిగిపోతాడు. బహుళ తిథి అయితే అదే లెక్కకి ఉదయిస్తాడు. బహుళ తదియ అంటే మూడు యాభైలు నూట యాభై, అరగంట తీస్తే రెండు గంటలు. అట్లతద్ది నాడు చీకటి పడ్డాక ఇంచుమించు అంతసేపు ఆడపిల్లలు ఆకలితో మేడ మీద కళ్ళు కాయలు కాచేలా చూసేది దీని వల్లే. కొద్దిగా అటూ ఇటూ అవుతుంది, ఋతువుని బట్టి తేడా వస్తుంది, కానీ రాత్రి ప్లాన్ వేసుకోవడానికి ఏ యాప్ అక్కర్లేకుండా ఇది సరిపోతుంది.

అట్లతద్ది అన్నాం కాబట్టి, మన సరిహద్దులో నెలల గొడవ కూడా ఇక్కడే చెప్పేస్తాను. తెలుగువాళ్ళకి, మరాఠీ వాళ్ళకి నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా వాళ్ళ వ్రతాల లెక్కలో నెల పున్నమితో ముగుస్తుంది. ఆశ్వయుజ పున్నమి నాడు ఒడియా ఇళ్ళలో కుమార పూర్ణిమ, కన్నెపిల్లలు చంద్రుడిని పూజిస్తారు. దాని మర్నాటి నుంచే వాళ్ళకి కార్తీకం. రెండు మూడు రోజులకి మన అట్లతద్ది వస్తే మనకది ఇంకా ఆశ్వయుజ బహుళ తదియ. చంద్రుడు ఒక్కడే, తదియ ఒక్కటే, నెల పేరు మాత్రం గోడకి ఇటు ఒకటి అటు ఒకటి. అందుకే పర్లాకిమిడి చేపల బజార్లో బేరం తగ్గడం దీపావళికి రెండు వారాల ముందే మొదలై, వాళ్ళ కార్తీకం కార్తీక పున్నమితో అయిపోయినా మన కార్తీకం వల్ల ఇంకో పక్షం సాగుతుంది. చేపలమ్మేవాళ్ళకి ఖగోళ శాస్త్రం ఇలా కూడా తగులుతుంది. ఆకాశం చూసేవాడు గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం ఒకటే: శుక్ల పక్షంలో ఇద్దరి నెల పేరూ కలుస్తుంది, బహుళ పక్షంలో ఒడియా పంచాంగం ఒక పేరు ముందుంటుంది. పున్నమికి ఆ నెల పేరున్న నక్షత్రం దగ్గర చంద్రుడు ఉంటాడన్నది ఇద్దరికీ సమానమే. కార్తీక పున్నమి రాత్రి చంద్రుడి పక్కన చూడండి, పిల్లలకోడి, అదే కృత్తిక, అక్కడే ఉంటుంది, కాకపోతే వెన్నెల్లో కాస్త వెలవెలబోతుంది.

సూపర్ మూన్ గురించి ఎక్కువ చెప్పను. చంద్రుడి దూరం సుమారు 3,56,500 నుంచి 4,06,700 కిలోమీటర్ల మధ్య మారుతుంది, దగ్గరున్నప్పటి పున్నమి, దూరంగా ఉన్నప్పటి పున్నమి కంటే 14 శాతం దాకా పెద్దగా ఉంటుంది. కానీ పక్కన ఇంకో చంద్రుడు లేడు కదా పోల్చడానికి, కంటికి తేడా తెలియదు. కొండ పక్కన లేచేటప్పుడు పళ్ళెమంత కనపడటం ప్రతి పున్నమికీ ఉన్నదే, అది మన మెదడు చేసే మాయ, చెయ్యి చాచి బొటనవేలి గోరుతో కొలిస్తే అప్పుడూ నడినెత్తికి వచ్చాకా ఒకే కొలత. ఆ సూపర్ మూన్ పేరు కూడా 1979లో ఒక అమెరికన్ జ్యోతిష్కుడు పెట్టిందే. పింక్ మూన్ గులాబీ రంగులో ఉండదు, స్ట్రాబెర్రీ మూన్ అంటే మన ఏరువాక పున్నమి ప్రాంతం. బ్లూ మూన్ కొంచెం ఆసక్తికరం. ఒకే ఇంగ్లీషు నెలలో రెండు పున్నములు పడితే రెండోదాన్ని అలా అంటున్నారు. 12 చాంద్రమాసాలు 354 రోజులే, ఏడాదికి 11 రోజులు మిగిలిపోతాయి, ఆ మిగులు పోగై బయటపడే చోటు అది. మన అధికమాసం పుట్టేదీ ఆ మిగులు నుంచే. 2026లో రెండూ ఒకేచోట కలిశాయి కూడా: మే 1న ఒక పున్నమి, మే 31న రెండోది, ఆ రెండోదే అధిక జ్యేష్ఠ పున్నమి.

మిగిలింది గ్రహణం, అన్నిటికంటే చిక్కుది. పున్నమి ప్రతి నెలా వస్తుంది, మరి గ్రహణం ప్రతి నెలా ఎందుకు రాదు? చంద్రుడి దారి సూర్యుడి దారికి 5 డిగ్రీలు వాలి ఉంటుంది. చంద్రుడున్న దూరంలో భూమి నీడ వెడల్పు ఒకటిన్నర డిగ్రీల లోపే. కాబట్టి మామూలు పున్నములకి చంద్రుడు నీడకి పైనుంచో కిందనుంచో తప్పించుకుపోతాడు. రెండు దారులూ ఒకదాన్నొకటి కోసుకునే రెండు చోట్ల దగ్గర పున్నమి పడితేనే చంద్రగ్రహణం, అమావాస్య పడితేనే సూర్యగ్రహణం. ఆ రెండు చోట్లే రాహువు, కేతువు. పాము మింగడం కథ పక్కన పెట్టండి, లెక్కలో రాహుకేతువులు అచ్చమైన గణితం. జాతకాల్లో రాహువు వెనక్కి నడుస్తాడని, రాశికి ఏడాదిన్నర ఉంటాడని అంటారే, అది ఆ కోసుకునే చోటు 18.6 ఏళ్ళకోసారి వెనక్కి ఒక చుట్టు తిరగడం. అందుకే గ్రహణాల సీజన్ 173 రోజులకోసారి వస్తూ, ఏటా సుమారు 19 రోజులు ముందుగానే వచ్చేస్తుంది. ఇంగ్లీషు తారీఖుకీ కుదరదు, ఒకే మాసానికీ కుదరదు.

పంచాంగంలో గ్రహణానికి రాసే స్పర్శ (నీడ తాకడం), మధ్య, మోక్ష (నీడ వదలడం) కాలాలు చూసేవాడికి రెడీమేడ్ టైమ్‌టేబుల్. మన ఇళ్ళలో పట్టు స్నానం, విడుపు స్నానం చేసేవాళ్ళు ఆ నిమిషాలనే పట్టుకుని చేస్తారు. 2025 సెప్టెంబర్ 7 గ్రహణమే తీసుకోండి. రాత్రి 9.57కి స్పర్శ, 11 నుంచి 12.22 దాకా సంపూర్ణం, మధ్యకాలం 11.41. ఆ రోజు పున్నమి తిథి ముగిసింది 11.39 ప్రాంతంలో. రెండూ దాదాపు ఒకే నిమిషం కావడం యాదృచ్ఛికం కాదు, నీడ ఉండేదే సూర్యుడికి సరిగ్గా ఎదురుగా.

చంద్రగ్రహణం అందరికీ ఒకే క్షణంలో జరుగుతుంది, కానీ అందరికీ ఒకేలా దక్కదు. 2026 మార్చి 3 నాటిది చక్కని ఉదాహరణ. సంపూర్ణ దశ సాయంత్రం 5.33కే అయిపోయింది, మోక్షం 6.47కి. పర్లాకిమిడిలో చంద్రోదయం ఆరుకి కాస్త ముందు, మహారాష్ట్రలోని సిరొంచలో 6.15 ప్రాంతంలో, ఇంకా పడమరన నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో 6.20 దాటాక. లెక్క ప్రకారం మనవైపు చంద్రుడు సగానికి పైగా నీడలో మునిగి లేస్తే, సిరొంచ వాళ్ళకి సగం లోపే మిగిలింది, ధర్మాబాద్ వాళ్ళకి చేతిలో ఇరవై ఐదు నిమిషాలే. గడియారం దేశమంతా ఒకటే అయినా భూమి తిరిగేది రేఖాంశం ప్రకారం. తూర్పున ఉన్నవాళ్ళకి సాయంత్రపు చంద్రగ్రహణాలు కలిసొస్తాయి, పడమటివాళ్ళకి తెల్లవారుజామువి. టీవీలో హైదరాబాద్ టైము చూసి మేడ ఎక్కితే రెండు వైపులా తప్పే.

సూర్యగ్రహణం అలా కాదు, సన్నని దారిలో ఉన్నవాళ్ళకే సంపూర్ణం. 1980 ఫిబ్రవరి 16న ఆ దారి మన దేశంలో కర్ణాటక దగ్గర అడుగుపెట్టి తెలుగు నేల మీదుగా వచ్చి దక్షిణ ఒడిశా తీరం దాటి బంగాళాఖాతంలోకి పోయింది. గ్రహణాలు 18 ఏళ్ళ 11 రోజుల 8 గంటలకి మళ్ళీ అదే తీరులో వస్తాయి, కానీ ఆ 8 గంటల వల్ల ప్రతిసారీ భూమి మూడో వంతు తిరిగిపోయి వేరే దేశాలకి దక్కుతాయి. మూడుసార్లు అయ్యాక, అంటే 54 ఏళ్ళ ఓ నెలకి, మళ్ళీ మన వైపు. 1980 నాటి గ్రహణం వరస 1998లో కరీబియన్ దీవులకి, 2016లో ఇండోనేషియాకి పోయి, 2034 మార్చి 20న మళ్ళీ భారతదేశానికి వస్తుంది. కాకపోతే ఉత్తరానికి జరిగి లడఖ్ వైపు. 1980లో భయపడి తలుపులేసుకున్నవాళ్ళకి రెండో ఛాన్సు ఉంది, స్వెట్టర్ వేసుకుని వెళ్ళాలి.

ఇంత లెక్కకి పెద్ద పరికరాలు కావాలనుకుంటాం. నయాగఢ్ జిల్లా ఖండపడాలో పుట్టిన పఠాణి సామంత, అసలు పేరు సామంత చంద్రశేఖర్, 1835 నుంచి 1904 దాకా బతికాడు, వెదురు గొట్టాలు, కర్రలతో తానే పరికరాలు చేసుకుని మామూలు కంటితో కొలిచి, గ్రహాల గతులు సరిదిద్దాడు. పూరీ జగన్నాథుడి గుడి పంచాంగం ఆయన లెక్కల మీదే నడుస్తుంది. అదే కాలంలో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో పెట్టిన సొంత అబ్జర్వేటరీలో ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు టెలిస్కోపుతో గ్రహణాలు, 1874 నాటి శుక్ర సంక్రమణం (శుక్రుడు సూర్యుడి ముందు నుంచి దాటిపోవడం) చూసి రాసిపెట్టారు. మనం ఉన్నది సరిగ్గా ఈ ఇద్దరి మధ్య నేల మీద.

కళ్ళ జాగ్రత్త సూర్యగ్రహణానికే. మసి పట్టిన గాజు, ఎక్స్‌రే ఫిల్మ్, పళ్ళెంలో పసుపు నీళ్ళు, ఏదీ నమ్మొద్దు. ఐఎస్ఓ 12312-2 అని ముద్ర ఉన్న గ్రహణం కళ్ళద్దాలు వాడండి, లేదా సూర్యుడికి వీపు పెట్టి నిలబడి జల్లెడ ఎత్తి పట్టుకోండి, నేల మీద ప్రతి రంధ్రానికీ ఒక చిన్న నెలవంక పడుతుంది. చింతచెట్టు నీడలో కూడా అంతే. గ్రహణం వేళే రోకలి నిలబడుతుందంటారు కానీ అది ఏ రోజైనా జరుగుతుంది, అడుగు బల్లపరుపుగా ఉంటే చాలు, కావాలంటే రేపు పొద్దున్నే నిలబెట్టి చూడండి. 2022 అక్టోబర్ 25 గ్రహణానికి ఒడిశా ప్రభుత్వం ఏకంగా సెలవిచ్చింది. సెలవు మంచిదే, కానీ ఆ సెలవులో జనం తలుపులు మూసుకుని కూర్చుంటే లాభం ఏముంది అన్నది నా గొణుగుడు.

రాబోయేవి: 2026 డిసెంబర్ 13, 14 రాత్రులు జెమినిడ్స్‌కి చాలా బాగున్నాయి, అమావాస్య వెళ్ళి నాలుగైదు రోజులే, చంద్రుడు రాత్రి పది ప్రాంతానికి దిగిపోతాడు. 2027 డిసెంబర్ 13 సరిగ్గా పున్నమి, ఆ ఏడు వాట్సాప్ మెసేజ్ వచ్చినా దుప్పటి కప్పుకోవచ్చు. 2027లో చంద్రగ్రహణాలు మూడున్నా అన్నీ ఉపఛాయవే, అంటే అసలు నీడ చుట్టూ ఉండే పలుచని నీడలోంచి చంద్రుడు పోయేవే, కంటికి తేడా తెలియదు, పంచాంగాలు వాటిని లెక్కలోకి తీసుకోకపోవడం సబబే. 2028 జులై 6 అర్ధరాత్రి ప్రాంతంలో పాక్షిక చంద్రగ్రహణం ఉంది, వాన ఒప్పుకుంటే. అసలుది 2028 డిసెంబర్ 31న. రాత్రి 8.37కి స్పర్శ, 9.46 నుంచి 10.58 దాకా సంపూర్ణం, మోక్షం 12.07కి. పొడి ఆకాశం, చంద్రుడు బాగా పైన, తూర్పూ పడమరా తేడా లేకుండా రాయగడకీ ధర్మాబాద్‌కీ మొదటి నుంచి చివరిదాకా దక్కుతుంది. ఎలాగూ ఆ రాత్రి సగం ఊరు మేడల మీదే ఉంటుంది, పన్నెండింటికి టపాకాయల పొగ కమ్మేలోపు సంపూర్ణ దశ అయిపోతుంది కూడా.